ఏటి విన్నావో చెప్పు

"మొత్తం తిరిగి చెప్పించుకున్నాను టీచర్. అయినా పోయాడు" అని నరసమ్మ టీచర్‌తో ఒకసారి అన్నాను. అది అబద్ధం. నేను చెప్పించుకోలేదు. ఆ సంగతి ఆమెకే కాదు, ఏళ్ల తరబడి ఎవరికీ చెప్పలేదు. ఖరగ్‌పూర్‌లో మావాళ్లు, రైల్వే పనికి వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు, నన్ను మంచు మీద డ్యూటీ చేసి వచ్చినవాడని గౌరవిస్తారు. పూజ పందిట్లో ముందు వరసలో కుర్చీ వేస్తారు. కూర్చుంటాను. ఆ కుర్చీ నాది కాదని రాయడానికే ఇది మొదలుపెట్టాను.

జనవరి మొదటి వారంలో లద్దాఖ్‌లోని ఆ పోస్టుకు చేరాం. హెలికాప్టర్ కింది బేస్ దాకా దింపింది. అక్కడి నుంచి నడక. ఒకే తాడు, నడుముకు కట్టుకుని ఒకరి వెనక ఒకరం. ఎత్తు పదహారు వేల అడుగుల పైన. రెండు ఫైబర్ గుడిసెలు, మంచులో తవ్విన ఒక బంకర్, టార్పాలిన్ కప్పిన వంటగది. తొమ్మిది మందిమి. పొద్దున మైనస్ ఇరవై అయిదు. తలుపు గడియను వట్టి చేత్తో ముట్టుకుంటే చర్మం దానికే అంటుకుపోయేది. కిరసనాయిలు పొయ్యి మసికి ఉమ్మి నల్లగా పడేది.

నా పని రేడియో. చలికి బ్యాటరీలు చచ్చిపోతాయి కాబట్టి రెండిటిని చొక్కా లోపల, ఒంటికి ఆనించి పెట్టుకునేవాణ్ణి. సెట్ ఎప్పుడూ వెచ్చగా ఉండాలి. మనిషి సంగతి తర్వాత.

చేరిన రోజే పోస్ట్ కమాండర్ సుబేదార్ సాబ్ నోటితో ఒక మెసేజ్ ఇచ్చారు. కింది బేస్‌కి పంపమన్నారు. ఆయన ముగించగానే నేను దాన్ని మొదటి నుంచి చివరిదాకా ఆయనకే తిరిగి అప్పజెప్పాను. ఆయన నవ్వారు. "ఎవరు నేర్పారయ్యా?" అన్నారు హిందీలో.

"స్కూల్లో మా మేడమ్, సాబ్."

పక్కన బూట్లు ఆరబెట్టుకుంటున్న పెట్రోల్ హవల్దార్ తల ఎత్తాడు. గఢ్వాల్ కొండల మనిషి. నాకన్నా పదేళ్లు పెద్ద. "అచ్ఛా, మేడమ్ కా బచ్చా!" అన్నాడు. ఆ రోజు నుంచి పోస్టులో నా పేరు అదే.

ఆ మేడమ్ సంగతి ఇక్కడ చెప్పాలి. నరసమ్మ టీచర్ మా రైల్వే కాలనీ న్యూ సెటిల్‌మెంట్‌లో మా తెలుగు బడిలో చెప్పేది. వాళ్ల నాన్న రైల్వే కేబిన్‌లో బండ్ల దారి మార్చే లీవర్లు లాగేవాడు. స్టేషన్ మాస్టర్ ఫోన్లో ఏ బండి ఏ లైన్లోకి అని చెబితే, ఆయన ఆ మాటంతా తిరిగి చెప్పి, మాస్టర్ అవునన్నాకే లీవర్ మీద చెయ్యి వేసేవాడట. వట్టి 'సరే'కి లీవర్ కదలదు. ఆ పద్ధతిని టీచర్ బడిలోకి తెచ్చింది. ఏ మాట చెప్పినా పిల్లలు తిరిగి చెప్పాలి. రేపు సెలవు అని చెప్పినా సరే.

"సరే టీచర్" అని ఎవడైనా అన్నాడో, వాడి చెవి ఆమె చేతికి దొరికిపోయేదే.

"సరే అంటే ఏటి సరే? సరే అనకు. ఏటి విన్నావో చెప్పు."

ఒకసారి ఒకణ్ణి, "నీ బుర్రలో బొగ్గుంది. రేపు ఎక్కాల పుస్తకం తే" అంది. వాడు చేతులు కట్టుకుని భయభక్తులతో, "నీ బుర్రలో బొగ్గుంది, రేపు ఎక్కాల పుస్తకం తే" అని ఆమెకే అప్పజెప్పాడు. తరగతి అంతా గొల్లుమంది. టీచర్ బల్ల పట్టుకుని నవ్వింది. "సరిగ్గానే విన్నాడ్రా ఎదవ" అంది.

ఆమె దగ్గర చదివినవాళ్లు ఇప్పటికీ దొరికిపోతారు. ఇంజన్ నడిపేవాళ్లున్నారు, నర్సులున్నారు. మా తరగతి పార్వతికి గోల్‌బజార్‌లో బట్టల కొట్టు ఉంది. జాకెట్టు కొలతలు చెప్పిన బెంగాలీ ఆడవాళ్లకు ఆ కొలతలన్నీ తిరిగి చెబుతుంది. "దీదీ, ఏక్‌బార్ బోల్‌లేయి తో హోయ్" అని, ఒక్కసారి చెబితే చాలు కదా అని, వాళ్లు విసుక్కుంటారు. అయినా దాని కొట్టులో కుట్టిన జాకెట్టు తిరిగి రాదు.

నేను సైన్యంలో సిగ్నల్స్‌లోకి వెళ్లిందీ అందుకే. శిక్షణలో మిగతావాళ్లకు తిట్లు తిని వచ్చిన అలవాటు నాకు బడి నుంచే ఉంది.

ఇక ఆ రోజు.

మార్చి. మూడు రోజులు మంచు కురిసి ఆగింది. ఆకాశం నీలంగా ఉంది, ఎండ కాసింది. ఏడు గంటలకు హవల్దార్ మరో ముగ్గురిని తీసుకుని కింది పోస్టు దారి తెరవడానికి బయల్దేరాడు. కిరసనాయిలు అయిపోవచ్చింది. వాళ్లు దారి తొక్కితేనే మోత వాళ్లు పైకి రాగలరు. మెత్తటి మంచు తొక్కుకుంటూ గంటన్నర దిగాక ఒక నల్ల బండ, మా పోస్టు నుంచి కనిపించేదే. అక్కడ దారి చీలుతుంది. ఎడమకు నాలా, అంటే లోయ గాడి, దగ్గర దారి. కుడికి రిడ్జ్, గట్టు మీద దారి. రెండు గంటలు ఎక్కువ.

ఎనిమిదిన్నర కావస్తుండగా బేస్ నుంచి మెసేజ్. నాలా మూసేశారు. కొత్త మంచు జారేలా ఉంది. పెట్రోల్ రిడ్జ్ మీంచి వెళ్లాలి. నేను దాన్ని బేస్‌కి తిరిగి చెప్పాను. తర్వాత హవల్దార్‌ని పిలిచాను.

"నాలా బంద్ హై. రిడ్జ్ సే జానా. బోలో, క్యా సునా?"

టీచర్ మాటే, హిందీలో. సెట్లో గరగర. తర్వాత రెండు టిక్కులు. టిక్, టిక్. మాట్లాడితే బ్యాటరీ తింటుంది కాబట్టి మావాళ్లు బటన్ రెండుసార్లు నొక్కేవాళ్లు. 'విన్నాను' అని దాని అర్థం. చిన్న విషయాలకు చెల్లుతుంది. దారి మార్చే ఆర్డర్‌కి చెల్లదు. మాటల్లో తిరిగి చెప్పించుకోవాలి. నాకు తెలుసు. మళ్లీ పిలవడానికి బటన్ మీద వేలు పెట్టాను కూడా.

అప్పుడే వంట చేసే లాంగ్రీ తలుపు తోశాడు. "అరే మేడమ్ కే బచ్చే, తేరా నంబర్! జల్దీ, లైన్ కట్ హో జాయేగా."

ఇంటికి మాట్లాడే శాటిలైట్ ఫోన్ అది. వారానికి ఒకసారి, మనిషికి కొన్ని నిమిషాలు. గత రెండు వారాలు నా వంతుకు లైన్ దొరకలేదు. అమ్మకు ఒంట్లో బాగోలేదని ఉత్తరం వచ్చి ఉంది. బటన్ మీంచి వేలు తీసేశాను. సెట్ లాంగ్రీకి అప్పగించి పక్క గుడిసెలోకి పరిగెత్తాను.

"ఒరే సీనూ! తింటన్నావేట్రా? సలెక్కువగుందా?" అమ్మ గొంతు బాగానే ఉంది. "నాకేటీ నేదు. జొరం తగ్గిపోనాది. టీచరమ్మ వచ్చి సూసెల్లింది. నీ గురించే అడిగినాది."

బయటికి వచ్చాను. మనసు తేలికగా ఉంది. కళ్లద్దాలు సర్దుకుని బైనాక్యులర్స్ పెట్టాను, ఊరికే. నాలుగు నల్ల చుక్కలు బండ దగ్గరున్నాయి. చూస్తుండగానే ముందు చుక్క ఎడమకు తిరిగింది.

సెట్ దగ్గరికి పరిగెత్తాను. పిలిచాను. మళ్లీ పిలిచాను. టిక్ కూడా లేదు. వాళ్ల బ్యాటరీ పోయింది. ఎంతసేపు అయిందో, నా మెసేజ్‌లో ఎంత అతనికి అందిందో, ఆ రెండు టిక్కులు మాటంతా విని కొట్టాడో, నన్ను పిలుస్తున్నారని మాత్రమే తెలిసి కొట్టాడో. ఇవేవీ ఇక ఎవరికీ తెలియవు.

మళ్లీ బయటికి వచ్చి అంచు మీద నిలబడి రెండు చేతులూ తలపైకి ఎత్తి నిటారుగా పట్టుకున్నాను. గొంతు చించుకున్నాను. మా ఊళ్లో పట్టాల పక్కన చిన్నపిల్లాడు అలా రెండు చేతులు ఎత్తి నిలబడినా ఇంజన్ డ్రైవర్ బ్రేకు వేస్తాడు. అది ప్రమాదం అని చెప్పే గుర్తు. నాకు పుట్టినప్పటి నుంచి చేతులకు తెలిసిన గుర్తు. ఆ క్షణంలో అదే వచ్చింది.

హవల్దార్ ఆగాడు. పైకి చూశాడు. గఢ్వాల్ కొండల్లో పట్టాలు లేవు. నేను పలకరిస్తున్నాను అనుకున్నాడు. మంచు గొడ్డలిని తలపైకి ఎత్తి నాకు ఊపాడు. తర్వాత నాలాలోకి దిగాడు.

నాలా పై వాలులో మంచు ఒక పలకలా విడిపోయింది. చప్పుడు తర్వాత వచ్చింది.

తాడు తెగి, వెనకనున్న ముగ్గురు అంచుకు కొట్టుకుపోయారు. వాళ్లను తవ్వి ప్రాణాలతో తీశాం. హవల్దార్‌ను తీయడానికి సాయంత్రం అయింది. గొడ్డలి తాడు మణికట్టుకు ఇంకా ఉంది.

విచారణకు వచ్చిన అధికారి నన్ను ఒక్కటే అడిగారు, మాట తిరిగి చెప్పించుకున్నావా అని. "రీడ్‌బ్యాక్ లియా థా?"

"జీ సాబ్. పూరా."

ఆయన తల ఊపారు. నాకు ఏమీ కాలేదు. ఆర్డర్ విని, తిరిగి చెప్పి కూడా దగ్గర దారి పట్టాడన్న నింద చనిపోయినవాడి మీద పడింది. మిగిలిన ముగ్గురికీ ఏమీ తెలియదు. వాళ్లు ముందున్న మనిషి అడుగుల్లో అడుగులు వేశారు.

మేలో సెలవు మీద వచ్చాను. ఖరగ్‌పూర్‌లో ఎండ మండిపోతోంది. నాకు మాత్రం అరిచేతుల్లో చలి. రెండో రోజే టీచర్ ఇంటికి వచ్చింది. అమ్మ ఆమెకు మంచం వాల్చింది. నా ఉత్తరంలోని సంగతి అమ్మ అప్పటికే ఆమెకు చెప్పింది. టీచర్ కూర్చోకుండానే అడిగింది.

"చెప్పించుకున్నావా నాయనా?"

ఆమె అనుమానంతో అడగలేదు. అవునంటాడని తెలిసి అడిగింది. నేను ఆ అవును అన్నాను.

టీచర్ అప్పుడు మంచం అంచున కూర్చుంది. "చెప్పించుకున్నా పోయాడా?" అంది. అమ్మ ఇచ్చిన టీ తాగకుండానే లేచి వెళ్లిపోయింది. ఆమె బాధ హవల్దార్ కోసం అనుకున్నాను. అంతవరకే అర్థమైంది నాకు.

మరుసటి సెలవులో బడికి వెళ్లాను. టీచర్ పిల్లలకు హోంవర్క్ చెబుతోంది. చెప్పడం అయిపోయింది. పిల్లలు "సరే టీచర్" అన్నారు. అందరూ ఒకేసారి. ఆమె పుస్తకం మూసేసింది.

వాకిట్లో నిలబడిపోయాను. "తిరిగి చెప్పించడం లేదేటి టీచర్?"

"ఎందుకు నాయనా? తిరిగి చెప్పినోడు కూడా తెలిసి తెలిసి మంచులోకి దిగిపోయినాడు కదా. మా నాన్న మాట నేను ఎర్రిగా పట్టుకుని ఇన్నాళ్లు పిల్లల చెవులు పిండినాను." నవ్వడానికి చూసింది. "వదిలేసినాను."

అప్పుడైనా చెప్పాల్సింది. నిజంగానే నోరు తెరిచాను. హెడ్‌మాస్టర్ వచ్చారు. "మన జవాన్!" అని నా భుజం మీద చెయ్యి వేశారు. పిల్లలు చప్పట్లు కొట్టారు. నేను సెల్యూట్ చేశాను.

ఆమె రిటైరయ్యే దాకా ఇంకెన్ని తరగతులు ఆ బడి దాటి వెళ్లాయో. వాళ్లలో ఎందరు ఇంజన్లు నడుపుతున్నారో, ఎందరు సూదిమందులు ఇస్తున్నారో. రోడ్డు మీద ఏ కుర్రాడు 'సరే అంకుల్' అన్నా ఆగి, ఏటి విన్నావని అడగబోయి, ముందుకు నడిచిపోతాను.

పెన్షన్ మీద వచ్చేశాను. ఇప్పుడు హిజ్లీలో ఒక హాస్టల్ గేటు దగ్గర కాపలా. నిద్రలో మంచు రాదు. మంచు జారడం కూడా రాదు. నీలం ఆకాశం కింద ఒక మనిషి గొడ్డలి ఎత్తి నాకు ఊపుతాడు. సంతోషంగా ఊపుతాడు. అది ఒక్కటే.

పోయిన చలికాలంలో పార్వతి గేటు దగ్గరికి వచ్చింది. రిక్షా దిగకుండానే తిట్టింది.

"ఏరా సీనూ, గేటుకి కాపలా కాయడమేనా? టీచర్ని సూసినావా? పచ్చవాతం వచ్చినాది. కుడిపక్క పోనాది. మాట పడిపోనాది."

చేతిలో కర్ర కింద పెట్టేశాను. ఆ రిక్షాలోనే ఎక్కాను. దారిలో పార్వతికి మొత్తం చెప్పాను. మొదటిసారి నోటితో చెప్పింది దానికే. అది నా వైపు తిరగలేదు. గోల్‌బజార్ దాటాక అడిగింది.

"హవల్దార్ ఇంటోళ్లకి సెప్పినావా?"

"లేదు."

"సెప్పు. ఈవిడికి సెప్పినాక ఆళ్లకీ సెప్పు. నేనొగ్గను నిన్ను."

న్యూ సెటిల్‌మెంట్‌లో గుడి వెనక చిన్న ఇల్లు. మంచం మీద టీచర్ చాలా చిన్నగా అయిపోయింది. కళ్లు మాత్రం అవే. నన్ను గుర్తుపట్టాయి.

"ఎడం సెయ్యి ఒకటే ఆడతాది" అంది పార్వతి. "అవునంటే రెండు సార్లు తడతాది. కాదంటే ఒక్కసారి. మరేటీ నేదు."

మంచం పక్కన నేల మీద కూర్చుని ఆమె ఎడమ చేతిని నా మణికట్టు మీద పెట్టుకున్నాను.

"టీచర్, ఆ రోజు నేను తిరిగి చెప్పించుకోలేదు. అమ్మతో ఫోన్ మాట్లాడదామని పోయినాను. మీకు అబద్ధం చెప్పినాను. మీ నాన్నగారి పద్ధతి తప్పలేదు. ఆ హవల్దార్ తప్పలేదు. తప్పింది నేను. క్షమించండి."

ఆమె చూస్తూనే ఉంది. చాలాసేపటికి నా మణికట్టు మీద వేళ్లు కదిలాయి.

టక్, టక్.

"ఇన్నాదిరా" అంది పార్వతి, కళ్లు తుడుచుకుంటూ. "అవునంటన్నాది. ఇంక లే. అలిసిపోతాది."

లేవలేదు. రెండు టిక్కులు విని ఒకసారి లేచి వెళ్లినవాణ్ణి నేను.

"అవునంటే ఏటి అవును టీచర్?" అన్నాను. "ఏటి విన్నారో చెప్పండి."

పార్వతి నా భుజం పట్టి లాగింది. టీచర్ కళ్లు నా మీంచి కదల్లేదు. ఎడమ పక్క పెదవి కొంచెం వణికింది. గాలి వచ్చింది, మాట రాలేదు.

మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాను. ఈసారి ఒక్కొక్క మాటే, ఆమె తిరిగి చెప్పేలా. నేను, అన్నాను. ఆ పెదవి కదిలేదాకా ఆగాను. తిరిగి, అన్నాను. ఆగాను. చెప్పించుకోలేదు. ఆగాను. కిటికీలో ఎండ మంచం కోడు మీంచి గోడ మీదికి పోయింది. చివరి మాట దగ్గరికి వచ్చాం.

క్షమించండి, అన్నాను. ఆ పెదవిని చూస్తూ ఆగాను.