అడుగు కనబడని కప్పు

దీదీ ఇక రాదు. నిన్న మధ్యాహ్నం ఇక్కడ గల్ఫ్‌లో, రోలా స్టాండులో బస్సు కోసం నిలబడి ఉండగా ఆవిడ కూతురు ఫోన్ చేసింది. "మా నహీ రహీ, ఆంటీ," అంది, అమ్మ పోయిందని. బస్సు వచ్చింది, ఎక్కాను. పనికి వెళ్ళాను. వెళ్ళక ఏం చేస్తాం.

దీదీ అంటే మేం పదిమందిమి ఉండే ఫ్లాట్‌లో నా పక్క మంచం మనిషి. నేపాల్‌లో టిబెట్ సరిహద్దు కొండల్లో పుట్టింది, తల్లి టిబెట్ ఆవిడ. ఇక్కడ ఒకరింట్లో పిల్లల్ని చూసుకునే పని. కరోనా ఏడాది నాకు జ్వరం తగ్గినా దగ్గు వదల్లేదు. ఫ్లాట్‌లో మిగతావాళ్ళంతా మా గోదావరి ఆడవాళ్ళే. అయినా నేను దగ్గితే చాలు, తలో దిక్కుకీ సర్దుకునేవారు. తప్పు పట్టను, ఎవరి ప్రాణం వాళ్ళకి తీపి. దీదీ ఒక్కతే తన మంచం నా వైపు జరుపుకుంది.

తన తల్లి కాచే టీ నాకు కాచి ఇచ్చింది. అతిమధురం, శొంఠి, యాలకులు, ఊరి నుంచి తెచ్చుకున్న ఏదో ఎండు కొండపువ్వు. వాసన తడిసిన గోనెసంచిలా ఉండేది. పెట్టింది మిగల్చడం మా ఇళ్ళలో మర్యాద కాదు కదా, ముక్కు మూసుకుని అడుగు వరకూ తాగేశాను. ఆవిడ మళ్ళీ నింపింది. మళ్ళీ తాగాను. మళ్ళీ నింపింది. ఎదుటి మనిషి కప్పు ఖాళీగా ఉండనివ్వడం వాళ్ళలో మర్యాద కాదట! "ఖలాస్ దీదీ, ఖలాస్!" అని దణ్ణం పెట్టాక గానీ తెలియలేదు, చాలనుకుంటే నిండు కప్పు వదిలెయ్యాలని. ఇద్దరం ఒకటే నవ్వు. నవ్వుకి నాకు దగ్గు తెర వస్తే వీపు నిమిరింది.

"ఇది మందు కాదు చెల్లీ, తోడు. మందుకి క్లినిక్‌కి పద," అని తన హిందీలో కసిరి, తనే తీసుకెళ్ళింది. దగ్గు పోయింది. టీ మాత్రం మానలేదు. రోజూ పని నుంచి రాగానే రెండు కప్పులు. చాలనిపించినా నాది ఖాళీ చేసేదాన్ని. ఆవిడ నింపుతుంటే చూడటం నాకు ఇష్టం. ఈ ఊళ్ళో నా కప్పు చూసే మనిషి ఇంకెవరూ లేరు.

మొన్న వేసవిలో ఆవిడకే ఆయాసం మొదలైంది. ఇంటికి ప్రయాణమైంది. కింద టాక్సీ హారన్ కొడుతుంటే, "యల్లా, త్వరగా నా కప్పు నింపు," అంది. దూరం వెళ్ళే మనిషి కప్పు నింపి, తాగకుండా ఉంచుతారట, తిరిగొచ్చి తాగాలని. నింపాను. కప్పు అంచు వేలితో తాకి, "చల్లారనీ, వస్తాను," అంది.

అప్పటి నుంచి రోజూ పారబోసి, కొత్తగా కాచి నింపి కిటికీలో పెడుతున్నాను. ఫ్లాట్‌లో వాళ్ళు నవ్వారు. నవ్వనీ, వచ్చిన మనిషికి ఖాళీ కప్పు చూపించనా?

నిన్న రాత్రి పని నుంచి వచ్చి మళ్ళీ కాచాను, నింపాను. దాని ముందు కూర్చుని ఏడ్చాను. ఇక ఎవరి కోసం ఉంచను? ఆవిడ కప్పు నేనే తాగేశాను, అడుగు కనబడే వరకూ. తాగి, అలవాటు చొప్పున, నింపమని ఆవిడ మంచం వైపు జరిపాను. ఖాళీ కప్పు ఇంకా అక్కడే ఉంది.