చెల్లెలు బతికిన సినిమా

పోయిన వారం తిరుపతి నుంచి చిత్తూరు వెళ్లే బస్సులో సినిమా వేశారు. డ్రైవరు వెనకాల పైకి బిగించిన చిన్న టీవీ, దాని మీద ఎవరో కట్టిన పూసల దండ, గుంత వచ్చినప్పుడల్లా బొమ్మ వణకడం. అది నేను డిగ్రీ చదివేటప్పుడు వచ్చిన రంగుల సినిమా. అంతకు ముప్ఫై ఏళ్ల ముందు నలుపు తెలుపులో వచ్చిన అక్కాచెల్లెళ్ల కథనే మళ్లీ తీశారు. నేను కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను కానీ చెవులు అటే ఉన్నాయి. చివరి ఘట్టంలో జబ్బుపడిన చెల్లెలు మంచం మీద కళ్లు తెరిచి, పరుగున వచ్చిన అక్కను చూసి నవ్వింది. సరిగ్గా అప్పుడే బస్సు చిత్తూరు స్టాండులోకి తిరిగింది, డ్రైవరు టీవీ ఆపేశాడు. ముందు సీట్లో కాణిపాకం పోతున్న పెద్దావిడ సంచీ భుజానికి తగిలించుకుంటూ, "పోనీలే, బతికింది పాపం" అని తృప్తిగా దిగిపోయింది. నేను మాత్రం కండక్టరు "ఏమ్మా, దిగేది లేదా?" అనేదాకా సీట్లోనే ఉండిపోయాను.

ఆ పెద్దావిడకు తెలియదు, ఆ చెల్లెలు చచ్చిపోతుంది. నాకూ పంతొమ్మిదేళ్లు వచ్చేవరకు తెలియదు.

తిరుపతిలో మా హాస్టలుకు ఒక ఆచారం ఉండేది. ఆదివారం పొద్దున తలంట్లు అయ్యాక, జుట్లు ఆరబెట్టుకుంటూ మేడమీద గోడ వెంబడి వరసగా కూర్చుని, ఒక్కొక్కరు తమకు ఇష్టమైన సినిమా కథ చెప్పాలి. చెప్పడమంటే ఉత్త చెప్పడం కాదు, ఏడవాల్సిన చోట ఏడ్చి, ఫైటు దగ్గర బక్కెట్లు తన్ని చెప్పాలి. నా వంతు వచ్చినప్పుడల్లా నాకు కుంకుడుకాయ నురగ కళ్లలో పడేది. అంటే పడిందని చెప్పి కిందికి దిగిపోయేదాన్ని. నా అభిప్రాయాలన్నీ డైరీలోనే ఉండేవి. నాయన ఆఫీసులో మిగిలిపోయిన పాత సంవత్సరపు డైరీ అది, అందులో సోమవారం అని అచ్చువేసిన పేజీలో నా గురువారం ఉండేది. చూసిన ప్రతి సినిమాకూ అందులో మార్కులు వేసేదాన్ని. పరీక్షల్లో మాకు మార్కులు వేసేవాళ్ల కంటే నేనే పిసినారిని. నూటికి నూరు వచ్చింది ఒక్కదానికే, చిన్నప్పుడు అవ్వ ఒళ్లో కూర్చుని రెండుసార్లు చూసిన ఆ నలుపు తెలుపు అక్కాచెల్లెళ్ల సినిమాకు.

దాన్ని మళ్లీ రంగుల్లో తీశారని తెలిసి హాస్టలంతా కలిసి వెళ్లాం. నా బాధ మొదటి పాట నుంచే మొదలైంది. పాత సినిమాలో అక్క ఇంటి ముందు పేడనీళ్లు చల్లుతూ పాడే పాట, ఇక్కడ మంచుకొండల మీద పాడారు. పాతదాంట్లో చెల్లెలు ఒక్క ఉత్తరం రాయడానికి మూడుసార్లు కాగితం చింపితే, ఇక్కడ సెల్‌ఫోను చెవికి పెట్టుకుని అటూ ఇటూ నడిచింది. ఇవన్నీ ఓర్చుకున్నాను. చివర్లో చెల్లెలు కళ్లు తెరిచి, నవ్వి, మళ్లీ కళ్లు మూసేసింది. ఆ తర్వాత రెండు నిమిషాలు అక్క ఏడుపు, అరటి ఆకులు, చితి పొగ. నాకు ఒళ్లు మండిపోయింది. తర్వాతి ఆదివారం మేడమీద, నా వంతు రాకుండానే, తడి జుట్టుతో లేచి నిలబడి చెప్పాను. పాత సినిమాలో చెల్లెలు బతుకుతుంది, వీళ్లు డబ్బు కోసం చంపేశారు అని. నా గొంతు అంత పెద్దదని నాకే తెలియదు.

నా గదిలో ఉండే రేణిగుంట పిల్ల వాళ్ల నాయన రైల్వేలో పనిచేసేవాడు, ఆ పిల్ల మాటలూ రైలు లాగే ఆగకుండా వచ్చేవి. "ఏందిమే నువ్వు సెప్పేది? పాతదాంట్లోనూ సస్తాది. మాయమ్మ ఆ సినిమా సూసి రెండు దినాలు అన్నం తినలే" అంది. నేను బతికిందన్నాను. ఆమె చచ్చిందంది. వాదం పెరిగి పందెం దాకా పోయింది. నాది నిజమైతే ఆమె నెలరోజులు నా బట్టలు ఉతకాలి. "నీది తప్పయితే, ఆ దిండు కింద దాసుకుంటావే డైరీ, దాంట్లో ఒక పేజీ ఈడ అందరి ముందర సదవాల" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. ఒక్క మనిషి ముందు కూడా విప్పని పుస్తకం అది. అయినా నాకు భయం వెయ్యలేదు. కళ్లారా చూసిన సినిమా కదా! పైగా రంగుల సినిమా ఆడుతోంది కాబట్టి వచ్చే ఆదివారం మధ్యాహ్నం టీవీలో పాతది వేస్తున్నారని పేపర్లో ప్రకటన కూడా వచ్చింది. హాస్టల్లో టీవీ లేదు, సాక్ష్యం చూసుకుని వద్దామని శనివారం మా ఊరు చిత్తూరుకు బస్సెక్కాను.

మా వీధి చివర ఇంట్లో అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, ఆమె కొడుకు చిన్నమామ ఉండేవాళ్లు. చిన్నమామ ఊళ్లో ఒక రేకుల కప్పు సినిమా హాల్లో ఆపరేటరు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "రోజుకు నాలుగాటలు పెండ్లిండ్లు సూస్తా ఉండానే, సాలదా?" అనేవాడు. బస్సు దిగి నేరుగా ఆపరేటరు గదికి వెళ్లాను. నాకు ఇష్టమైన చోటు అది. మిషను వేడి, నూనె, ఫిలిం ముక్కలు అంటించే జిగురు కలిసి, మగ్గిన అరటిపండ్ల వాసన వేసేది. పందెం సంగతి చెప్పి, నేను గెలిచినట్టే కదా మామా అన్నాను. మామ రీలు చుడుతున్న చెయ్యి ఆపాడు. తర్వాత, "రేపు టీవీలో వస్తాదా? మాయమ్మ సూస్తాదా?" అని మాత్రం అడిగాడు. ఆ ముఖం చూశాక పందెం సంగతి నాకు సగం అర్థమైంది. మిగిలిన సగం ఆయనే చెప్పాడు.

అవ్వకు ఒక చెల్లెలు ఉండేదట. నేను పుట్టకముందే జ్వరం వచ్చి పోయింది. కబురు అందుకుని అవ్వ వెళ్లేసరికి ఆలస్యమైంది. ఏడాది తిరిగేదాకా అవ్వ గడప దాటలేదు. ఏడాది దాటాక పక్కింటావిడ, కథ ఏమిటో తెలియక, మంచి సినిమా అని బలవంతాన పిలుచుకు వెళ్లింది. మామ అప్పుడే పనిలో కుదిరిన కొత్త. ఇంటర్వెల్లులో గోడ రంధ్రంలోంచి చూస్తే ఆడవాళ్ల బెంచీలో తన తల్లి! కథ ఎక్కడికి పోతుందో ఆయనకు రెండు రోజులుగా తెలుసు. చివరి రీలు బల్లమీద ఉంది. చెల్లెలు నవ్విన చోట కత్తిరించి, రెండు నిమిషాల ముక్క తీసేసి, శుభం కార్డు అంటించాడు. "ఓనరు తంతాడనుకున్నా పాపా. ఆడోళ్లు నవ్వుకుంటా బయటికి వచ్చినారు. ఓనరు ఏమీ అనలే" అన్నాడు. మరునాటి నుంచి అవ్వ వీధిలోవాళ్లను వెంటబెట్టుకుని రావడం మొదలుపెట్టింది. ఏ ఆటకు వస్తుందో తెలియదు కాబట్టి అన్ని ఆటలకూ ఆ ముక్క లేకుండానే వేశాడు. తర్వాత ఏళ్లలో ఆ సినిమా ఎప్పుడొచ్చినా అంతే. మొదటి రెండు రోజులు చూసినవాళ్లు చచ్చిందని, తర్వాత చూసినవాళ్లు బతికిందని టీ అంగళ్ల దగ్గర వాదులాడుకునేవాళ్లట. రీళ్ల పెట్టె తిరిగి పంపేటప్పుడు ప్రతిసారీ ముక్కను మళ్లీ అంటించేవాడు. ఆఖరుసారి మాత్రం చెయ్యి రాలేదట. అలమర పైనుంచి ఒక బిస్కెట్ల డబ్బా దించి, చుట్టిన ఫిలిం తీసి వెలుతురుకు పట్టాడు. గోరంత బొమ్మల్లో ఒకే అక్క, వరసగా, కిందికి ఏడుస్తూ పోయింది.

నా డైరీ సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు. రేపు మధ్యాహ్నం ఎలాగని ఇద్దరం ఆలోచించాం. కేబులు తీగ పీకేద్దామంటే, అవ్వ పక్కింటికి వెళ్లి చూస్తుంది. కాణిపాకం పిలుచుకు పోదామంటే, సినిమా చూసి పోదాం అంటుంది. చివరికి ఏమీ తోచక ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం టీవీ ముందు కూర్చున్నాం. పక్కింటావిడ కూడా వచ్చింది, అప్పుడు పిలుచుకు వెళ్లిన ఆవిడే. అవ్వ చేటలో అలసందలు పోసుకుని ఏరుతోంది. చెల్లెలు కళ్లు తెరిచింది, నవ్వింది. మామ లేచి టీవీ దగ్గరికి నడిచాడు. అవ్వ తల ఎత్తకుండానే, "కూర్సో రా. అడ్డం నిలబడొద్దు" అంది. చెల్లెలి తల పక్కకు వాలిపోయింది. అవ్వ చేతులు అలసందల్లో ఆగాయి. ఆ రెండు నిమిషాలూ రెప్ప వెయ్యకుండా చూసింది. శుభం పడ్డాక పక్కింటావిడ ముక్కు చీదుతూ, "ఇదేందక్కా, సచ్చిపాయ? అప్పుడు బతికె గదా!" అంది. అవ్వ చేట కుదుపుకుంటూ, "ఇది ఎవురో మళ్లా తీసిందిలే. కొత్తోళ్లకు తియ్యడం యాడొస్తాది? మనం సూసిందే అసలుది" అంది. పక్కింటావిడ సరేనని తల ఊపి వెళ్లిపోయింది.

మామ గోడకు ఆనుకుని నేల చూస్తున్నాడు. అవ్వ వంటింట్లోకి పోయి, ఆయనకు అన్నం పెట్టి, ఎప్పుడూ లేనిది రెండు గరిటెల నెయ్యి వేసింది. వేసి, "ఆ ముక్క నీకాడ ఉంటే పారెయ్ రా. ఇంట్లో పెట్టుకోవద్దు" అంది. మామ నోట్లో ముద్ద అలాగే ఉండిపోయింది. "నీకు తెలుసామ్మా?" అన్నాడు. "బొమ్మ ఎగిరె గదరా ఆ అతుకు కాడ! నాకు కండ్లు లేవా? పై నుంచి నువ్వు తొంగి తొంగి సూసింది గూడా సూసినా" అంది అవ్వ. అంతే. మజ్జిగ తేవడానికి లేచింది. అన్నేళ్లూ ఊళ్లో కనబడిన ప్రతి ఆడమనిషికీ చెల్లెలు బతికిందని చెప్పి పిలుచుకు వెళ్లిన మనిషి ఆమె.

తిరిగి హాస్టలుకు వచ్చాక, పందెం ఓడిపోయానని ఒప్పుకుని ఒక పేజీ చదవాలి. సినిమా మార్కులున్న పేజీ ఒకటి వెతికి చదివితే సులువుగా తీరిపోయేది. కానీ తర్వాతి ఆదివారం మేడమీద నేను విప్పింది, చిత్తూరు నుంచి వస్తూ బస్సులో కూర్చుని ఆ సంగతంతా రాసుకున్న పేజీ. పైన బుధవారం అని అచ్చయి ఉంది. మొదటి నాలుగు వాక్యాలు నాకే వినపడలేదు. "గట్టిగా సదువుమే" అంది రేణిగుంట పిల్ల. బిస్కెట్ల డబ్బా దగ్గరికి వచ్చేసరికి దువ్వెనలు ఆగాయి. నెయ్యి దగ్గర ఎవరో ముక్కు ఎగబీల్చారు. పుస్తకం మూశాక రేణిగుంట పిల్ల తడి జుట్టు పిండుకుంటూ, "అయితే నేను గెలిచినానా, ఓడినానా?" అంది. అందరూ నవ్వారు. మరునాడు లేచి చూస్తే నా బట్టలు ఉతికి ఆరేసి ఉన్నాయి. ఆ తర్వాత ఆదివారాల్లో కుంకుడు నురగ నా కళ్లలో పడలేదు.

మామ ఆ ముక్క పారేశాడో లేదో నేను అడగలేదు. ఆ హాలు ఇప్పుడు కల్యాణమండపం, మామ అందులో లైట్లు చూసుకుంటున్నాడు. ఏ సినిమాను మళ్లీ తీశారని విన్నా, పాతది బాగుందా కొత్తది బాగుందా అన్న వాదంలోకి నేనిప్పుడు దిగను, ఎవరు ఏ ఊళ్లో ఏది చూశారో మనకేం తెలుసు! మొన్న స్టాండులో బస్సు దిగి ఇంటివైపు నడుస్తూ అనుకున్నాను. కాలం ఎవరి కోసమూ రెండు నిమిషాలు కత్తిరించదు. ఆ పని మనుషులే చెయ్యాలి, అతుకు కనపడుతున్నా చూడనట్టు కూర్చునే మనుషులు ఎదురుగా ఉండాలి.