రెండో చుట్టు

మొన్న గన్నవరం నుంచి మా బావ పార్సిల్ పంపాడు. విప్పితే నీలం రంగు యోయో. మా కాలంలో చెక్కవి ఉండేవి. ఇది అల్యూమినియంది, లోపల బేరింగు కూడా ఉంది. పెట్టె పూర్తిగా విప్పకముందే ఫోను. "ముట్టిందా బావా? అది పాతవాటిలా లాగితే రాదు. దారం మడతపెట్టి మధ్య సందులోకి అందిస్తే పట్టుకుని పైకొస్తుంది. నేర్చుకుని ఆదివారం మనవరాలి ఓణీల ఫంక్షనుకి పట్టుకురా. ఈసారి కూడా నడుం నొప్పి అన్నావంటే ఊరుకోను" అన్నాడు. వరండాలో నిలబడి ఒక విసురు విసిరాను. కిందికి పోయింది, తిరిగింది, తిరిగి తిరిగి ఆగిపోయింది. లాగాను. కదల్లేదు. మళ్లీ లాగాను. రిటైరైన మాస్టారి మాట పిల్లలు విన్నట్టే విన్నది.

నాకు నేర్పడానికి వాడెవడు? (నాకంటే ఏడాది పెద్ద, అయినా ఈ విషయంలో వాడు అనే అంటాను.) కృష్ణా, గుంటూరు జిల్లాల్లో యోయోకి నిద్ర నేర్పినవాణ్ణి నేను. అడుగున దారం చివర యోయో తనపాటికి తాను గిర్రున తిరుగుతూ ఉండిపోవడాన్ని నిద్ర అనేవాళ్లం. నేను నిద్రపుచ్చిన యోయో కింద తిరుగుతుండగానే ఎడమ చేత్తో కాఫీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, అప్పుడు వేలు కదిపితే బుద్ధిగా అరచేతిలోకి వచ్చేది. మంగళగిరి నుంచి జనం బస్సెక్కి వచ్చి చూసిపోయేవారు.

దాదాపు నలభై ఏళ్ల కిందటి మాట. డిగ్రీ పట్టా పట్టుకుని ఉద్యోగం కోసం బెజవాడ వచ్చి, మాచవరంలో మా మేనమామ ఇంట్లో దిగాను. ఆయన కొడుకే ఈ బావ. వాడిదీ పట్టానే, వాడిదీ ఖాళీయే. ఇద్దరం హాల్లో పక్కపక్కన చాపలు పరుచుకుని, ఎవడికి ముందు ఉద్యోగం వస్తే వాడు రెండోవాడికి చొక్కా కుట్టించాలని ఒప్పందం చేసుకున్నాం. ఆ రోజుల్లోనే ఒక కూల్‌డ్రింకు కంపెనీ సీసా మూతలు పోగుచేసి తెస్తే యోయోలు ఇవ్వడం మొదలుపెట్టింది. మేమూ మూతలేరుకుని చెరొక ఎర్ర యోయో తెచ్చుకున్నాం. పని లేనివాళ్లకి చేతినిండా పని దొరికినట్టయింది. తర్వాత ఆ కంపెనీయే పోటీ పెట్టింది. గెలిచినవాడికి ఉద్యోగం: బెజవాడ నుంచి బందరు దాకా కొట్టు కొట్టుకీ తిరిగి యోయో ఆడి చూపించాలి. తిరగడానికి స్కూటరు కంపెనీది. ఆ స్కూటరు మీద నేను కూర్చుని కరకట్ట వెంట పోతున్నట్టు నాకు పట్టపగలే కనిపించేది.

ఈ విద్యలో గుట్టంతా విసరడంలో లేదు, ఇరుసు దగ్గర ఉంది. దారపు ఉచ్చు ఇరుసుకి ఒక్క చుట్టు వేస్తే యోయో అడుగున నిద్రపోతుంది, ఆటగాడు దాన్ని నేల మీద కుక్కపిల్లలా నడిపించవచ్చు, ఊయల ఊపవచ్చు. రెండు చుట్లు వేస్తే ఇరుసుని గట్టిగా పట్టేస్తుంది, ఎంత బలంగా విసిరితే అంత కోపంగా వెనక్కి వస్తుంది. ఈ రెంటి మధ్యా దారం పురి. యోయోని వేలాడదీసి ఒకవైపు తిప్పితే పురి బిగిసి తొందరగా లేస్తుంది, రెండోవైపు తిప్పితే సడలి ఎక్కువసేపు పడుకుంటుంది. వానాకాలం కృష్ణ మీద గాలికి నూలు ఉబ్బితే ఇరుసుకి కాస్త కొవ్వొత్తి రాయాలి. ఇంత చేశాక ఇక ముట్టుకోకూడదు. ఆడినకొద్దీ పురి మారిపోతుంది. ఆవకాయ జాడీకి వాసెన కట్టాక మూడోరోజు దాకా ఎవర్నీ దగ్గరికి రానివ్వదు చూడండి మా అత్త, అలాగే మేం కూడా పోటీకి ముందురోజు సరిచేసుకున్న యోయోలని రుమాళ్లలో చుట్టి రేడియోకి ఎడమపక్క నాది, కుడిపక్క వాడిది పెట్టాం. విప్పడం వేదిక మీదే.

వేదిక మీద విప్పాను. చూడవచ్చినవాళ్లలో మా మామయ్య, అత్త, మా బావ చెల్లెలు కూడా ఉన్నారు. ఊపిరి బిగించి విసిరాను. నిద్రపోవలసిన యోయో దారం చివర కూడా ఆగకుండా, విసిరిన వేగంతోనే లేచి నా ముందుపన్ను మీద కొట్టింది. పన్ను అంచు ఎగిరింది, పెదవి చిట్లింది. జనం చప్పట్లు కొట్టారు, అది కూడా ఆటలో భాగమనుకుని. బావ పరుగున వచ్చి తన రుమాలు నా నోటికి అడ్డం పెట్టి, "నెత్తురొస్తోంది బావా, గట్టిగా అదుముకో" అన్నాడు. ఆ తర్వాత వాడు వెళ్లి విసిరాడు. పాలు తాగిన పసిపిల్లలా పడుకుంది వాడి యోయో. ఉద్యోగం వాడిది, స్కూటరు వాడిది. నేను మూలకి పోయి నా యోయో దారం వదులు చేసి చూశాను. ఇరుసుకి రెండు చుట్లు.

వాడు ఆ స్కూటరు మీద మొదలుపెట్టి కంపెనీలో మేనేజరు దాకా ఎదిగాడు. నేను పటమటలో లెక్కల మాస్టారినై సుద్దముక్కలు అరగదీశాను. వాడి చెల్లెల్నే పెళ్లిచేసుకున్నాను. పగ పగే, మరదలు మరదలే. మొదటి జీతంతో వాడు చొక్కా కుట్టించి పంపితే ఇప్పటికీ తొడగలేదు. వాడింట్లో ఏ శుభకార్యానికీ నేను పోలేదు, మా ఆవిడ ఒక్కతే పోయివచ్చేది. ఎందుకు పోలేదని అడిగిన తోటి మాస్టర్లందరికీ రెండో చుట్టు కథ చెప్పాను. వాడి మొహం మీద మాత్రం ఎన్నడూ అడగలేదు. అది నా పెద్దరికం అనుకున్నారు జనం.

పెద్దరికం కాదు. ఈ వయసులో ఇంకా ఎందుకు కోతలు? కాఫీ కథలో నిజమైనది ఒక్క గుక్క; గ్లాసు ఎప్పుడూ అత్తే కడిగేది. మంగళగిరి నుంచి వచ్చిన జనం ఒక్కడు, మామయ్య దగ్గరికి పంచెల బేరానికి వచ్చి బస్సు తప్పిపోయినవాడు. ఇక రెండో చుట్టు. అది వేసింది నేనే. పోటీ రోజు పొద్దున బావ స్నానానికి వెళ్లగానే, కుడిపక్క రుమాలు విప్పి వాడి యోయోకి నా చేతుల్తో రెండో చుట్టు వేసి, మళ్లీ అలాగే చుట్టిపెట్టాను. వాడి చెయ్యి నా చేతికంటే మంచిదని నాకు తెలుసు, తెలియనట్టు నటించీ నటించీ అప్పటికే విసుగొచ్చింది.

మరి ఆ యోయో నా చేతికెలా వచ్చింది? వాడు కనిపెట్టి, కిక్కురుమనకుండా అటుది ఇటు, ఇటుది అటు పెట్టాడన్నమాట. నేను ఒక్క చుట్టు వేసి, కొవ్వొత్తి రాసి, పురి సడలించి పెట్టుకున్న యోయోతో నా ఉద్యోగం గెలిచాడన్నమాట. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. కానీ పక్క చాప మీద పడుకునేవాడు "ఏం పని బావా ఇది?" అని ఒక్క లెంపకాయ కొట్టి ఉంటే సరిపోయేది. అంతా తెలిసి, నా మూతి పగిలేదాకా చూస్తూ కూర్చుని, ఏమీ ఎరగనట్టు రుమాలు పట్టుకుని వచ్చాడే, అది నన్ను ఇన్నేళ్లూ తినేసింది. దొంగని దొంగ మోసం చేస్తే ఎవరితో చెప్పుకుంటాడు? కాలం అన్ని ముళ్లనీ సడలిస్తుందంటారు. నా మటుకు నాకు ఏటికేడాదీ బిగిసింది.

ఇంతవరకు రాసి మా ఆవిడకి చదివి వినిపించాను. ఆదివారం కట్టుకోవలసిన చీరకి ఫాల్ కుట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

"అన్నయ్య స్నానంలో ఉంటే ఎలా చూస్తాడండీ? వంటింటి గుమ్మంలోంచి చూసింది నేను. మార్చి పెట్టింది నేను."

కాగితాలు కింద పెట్టాను. "ఇన్నేళ్లూ వాణ్ణి ఆడిపోసుకుంటుంటే వింటూ కూర్చున్నావా?"

"నేను చేసింది చెప్పాలంటే ముందు మీరు చేసింది చెప్పాలి. పెళ్లయిన కొత్తలోనే చెప్తారనుకున్నాను. పిల్లలు పుట్టాక చెప్తారనుకున్నాను." దారం పళ్లతో తుంచింది. "అన్నయ్యకి ఈ రోజుకీ ఏమీ తెలీదు. ఉద్యోగం తనకి వచ్చిందని మీకు కష్టమేసింది, అందుకే రారు అనుకుంటున్నాడు పాపం. ఆదివారం వచ్చి మీ నోటితో మీరే చెప్పండి."