ఆముదం రుద్దిన చేతులు

ఆముదం వాసన తగిలితే ఇప్పటికీ నా చేతులకేసి చూసుకుంటాను.

అరవయ్యో దశకం చివర్లో, పలాస స్టేషన్లో నేను రైలు కోసం చూస్తుంటే, పక్కనే ఒక ముసలాయన బెంచీ మీద కళ్ళు మూసుకుని మూలుగుతున్నాడు.

"మా ముసిలోడికి దొడ్డికి రాక కడుపు బండైపోనాది బాబూ. కాత్త ఆముదం రుద్దవా?" అని ఆయన భార్య గుసగుసగా బతిమాలింది. జీడిపిక్కలు కొట్టి కొట్టి, ఆ సొనకి ఆమె అరచేతులు కాలి పుళ్ళు పడ్డాయి.

ఆమె చూపించినట్టే బొడ్డు చుట్టూ మెల్లగా రుద్దాను. కాసేపటికి మూలుగు తగ్గింది.

"సేతులు నయమైపోనాయేటే? మెత్తగున్నాయి," అన్నాడాయన కళ్ళు తెరవకుండానే.

మాట్లాడొద్దని ఆమె నాకు సైగ చేసింది. "నయమైపోనాయి."

"అయితే రేపట్నించి పన్లోకెల్లిపో. ఇంట్లో గింజల్లేవు."

"ఎల్తాను," అంది, చేతులు కొంగులో దాచుకుంటూ.