ఊర్మిలకు నచ్చని నవల

ఊర్మిలకు ఒకచోట కుదురుండదు. కోరుట్లలో మా వాడకట్టులో బీడీలు చేసే ఆడవాళ్లందరం మధ్యాహ్నం మా ఇంటి అరుగు మీద చేరతాం. ఒళ్లో చాట, చేతిలో తునికాకు ఉంటే మేం రెండు గంటలైనా కదలం. ఊర్మిల మాత్రం ఊరికే లేస్తుంది. నీళ్లంటుంది, గేటంటుంది, పొయ్యి మీద ఏదో మరిచానంటుంది. "కాళ్లకు చక్రాలు కట్టుకున్నవా?" అని కసురుతుంటాను.

పోయిన ఎండాకాలం ఆమె బిడ్డ మనీషా జగిత్యాల కాలేజీ నుంచి సెలవులకు వస్తూ ఒక నవల తెచ్చింది. అప్పుడు ఎవరి ఫోన్‌లో చూసినా ఆ పుస్తకం బొమ్మే. గల్ఫ్‌లో చనిపోయిన తండ్రి, ఇంట్లో మిగిలినవాళ్ల దుఃఖం, అదీ కథ. రోజూ కొంత మాకు చదివి వినిపించేది. ముసలి లసుమవ్వ కొంగు తడిసిపోయేది. నేనేం తక్కువ తినలేదు, ముక్కు చీదుకుంటూ బీడీలన్నీ వదులుగా చుట్టేదాన్ని. ఊర్మిల కంట చుక్క రాలేదు. పైగా "ఉత్త ముచ్చట" అని మధ్యలో లేచిపోయేది.

ఆమె భర్త మహిపాల్ కూడా గల్ఫ్‌లోనే పోయాడు, పదమూడేళ్లయింది. శవం పెట్టె ఇల్లు చేరడానికి ముప్పై ఎనిమిది రోజులు పట్టింది. అలాంటి మనిషి ఏడవకపోవడం మాకు వింత. మనీషాకు వింత కాదు, కోపం. "మా అమ్మకు బాపంటే పాణం లేదేమో పెద్దమ్మా" అని ఒకరోజు నాతోనే అంది.

ఆ తర్వాత పిట్టకు పెట్టే ఘట్టం వచ్చింది. మా దగ్గర కాలబెట్టిన మూడో రోజు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి ఆకులో పెడతాం. కాకి ముట్టేదాకా ఇంటివాళ్లు మెతుకు తినరు. ముట్టకపోతే పోయిన మనిషికి ఏదో కోరిక మిగిలినట్టు. నవలలో భార్య "పిల్లలను నేను చూసుకుంటా" అని ఒక్క మాట అనగానే కాకి వచ్చి వాలింది. లసుమవ్వ గొల్లుమంది.

"అబద్ధం!" అని ఊర్మిల చాట పక్కకు నెట్టి నిలబడింది.

మనీషా పుస్తకం మూసింది. "నీ గుండె బండనా అమ్మా? గిందరు ఏడుస్తున్నరు. బాపు నీకు యాదికే రాడా? జరంత గూడ దుఃఖం లేదా?"

ఆ మాటకు నాకే మండింది. పిల్లను ఒకటి వేద్దామనిపించింది. ఊర్మిల గేటు దాకా పోయింది, తిరిగి వచ్చింది, మళ్లీ పోయింది. ఇక ఇంటికి వెళ్లిపోతుందనుకున్నాం.

"మీ బాపుకు పిట్ట ముట్టలే" అంది అక్కడి నుంచే.

ఆ రోజు పెగడపల్లిలో వాళ్ల అత్తగారింట్లో నేనూ ఉన్నాను. పిట్ట ముట్టిందంటేనే అందరితో పాటు అన్నం తిన్నాను.

"పొద్దుగాల పెడితే పగటీలి దాక ఒక్క పిట్ట రాలే. మాంసం పెట్టినం, కల్లు పెట్టినం. బిడ్డను సదివిస్తనన్న, అత్తను సాదుకుంటనన్న. రాలే. నీకు ఆరేండ్లు. కొరివి పట్టింది నువ్వే గాబట్టి నీకూ మెతుకు పెట్టనియ్యలే. ఆకలే అమ్మా అని ఏడ్చి ఏడ్చి సొమ్మసిల్లినవు. మనుషులను జూసి పిట్ట బెదురుతదని అందరు దూరం జరిగి అటు మర్రిండ్రు. ఆకు సక్క జేస్తనని పోయి, నా చేత్తోని మెతుకులు చిమ్మిన. ముట్టిందని ఒర్రిన."

మనీషా పుస్తకం అరుగు మీద పెట్టి లేచింది. "మరి బాపు కోరిక ఏందమ్మా?"

"గదే తెల్వది బిడ్డా. కూసుంటే గదే ఆలోచన, లేస్తే గదే. పదమూడేండ్ల సంది నన్ను నిలవనిస్తలేదు."

"గప్పుడు నేను తిన్ననా?"

"రెండుసార్లు పెట్టించుకున్నవు. నేను గూడ తిన్న. ఆయిన ఏం మిగిలిచ్చుకొని పోయిండో, నువ్వు తింటాంటె నాకు సంతోషమైంది. మొగణ్ణి కాలబెట్టిన మూడో నాడు నాకు సంతోషమైంది బిడ్డా! గది రాయుమను గా పుస్తకంల."