పెరుగు తోడుపెట్టిన టీ గిన్నె

ఈ గిన్నెలో వేడినీళ్లు పోస్తే ఇప్పటికీ పుల్లటి పెరుగు వాసన వస్తుంది. గాజుపూతలో వెంట్రుకల్లాంటి పగుళ్లున్నాయి, వాటిలోకి ఏళ్లతరబడి ఇంకిన పాలు ఏ సబ్బుకీ లొంగవు.

ఎయిర్‌పోర్టు పక్కనుండే స్వోర్డ్స్ అనే ఊళ్లో మా పక్కింట్లో అద్దెకుండే జపాన్ ఆవిడ, కెయికో ఆంటీ, చేత్తో చేసిన టీ గిన్నె ఇది. వాళ్ల పెరట్లో చెక్క షెడ్డు, అందులో మట్టిపాత్రలు కాల్చే చిన్న ఇనప బట్టీ ఉండేవి. అక్టోబరు వానల్లో బడినుంచి రాగానే తడి జాకెట్‌తోనే అందులో దూరి, పచ్చిమట్టి, వేడెక్కిన ఇటుక, బూడిద కలిపిన పూత వాసనల మధ్య మట్టిని పాముల్లా పేని గిన్నెలుగా చుడుతూ కూర్చుంటే, తలమీదుగా విమానం దిగినప్పుడల్లా అరల్లో గిన్నెలు గలగలమనేవి. దీపావళికి అమ్మ కంచె మీదుగా సున్నుండలిచ్చింది. మాలాగే ఖాళీ డబ్బా తిరిగివ్వని ఆంటీ అందులో ఈ గిన్నె పెట్టి పంపింది.

అమ్మ ఆ సాయంత్రమే దాంట్లో పాలు పోసి తోడుపెట్టేసింది.

"మామ్, ఇట్స్ ఫర్ టీ," అన్నాను.

"టీకి మగ్గులు బోల్డున్నాయిలే. మట్టిదాంట్లో అయితే గడ్డపెరుగు వస్తుందే, తినేది నువ్వేగా."

నిజంగానే గడ్డ కట్టింది. నేను సెకండరీ స్కూల్లో చేరేదాకా రోజూ అందులోనే పెరుగు.

తర్వాత ఓనరు ఇల్లు అమ్ముతానని లీజు ఆపేశాడు. బట్టీ పెట్టుకోనిచ్చే ఇల్లు ఆంటీకి ఎక్కడా దొరకలేదు. తాగేకొద్దీ ఆ పగుళ్లలోకి టీ దిగి గిన్నె రంగు తిరుగుతుందట. అది చూసుకోవాలని, వెళ్లేముందు అందులోనే టీ ఇస్తానని మమ్మల్ని పిలిచింది. అమ్మ చింతపండు పెట్టి తోమి మరీ పట్టుకెళ్లింది. వేడినీళ్లు పడగానే వాసన గుప్పుమంది. ఆంటీ గిన్నెను ముఖందాకా తెచ్చుకుని, రంగు తిరగని లోపలివైపు కాసేపు చూసి, బాగుందనడానికి ఇక్కడివాళ్లు అన్నట్టే "గ్రాండ్," అని తాగేసింది.

"తెలీక పెరుగుకి వాడానమ్మా," అంది అమ్మ తెలుగులోనే. నేను ఇంగ్లిష్‌లో చెప్పాను.

"రోజూనా?" అంది ఆంటీ.

బట్టీ పాత ఇనుముకి పోయింది. ఆంటీ ఇప్పుడు దూరంగా ములింగార్ అనే ఊళ్లో ఏదో ఫ్లాట్‌లో ఉంటోంది, మట్టి ముట్టి ఏళ్లయిందని మెసేజ్ పెట్టింది.

నిన్న గది కోసం ఫోన్‌లో అద్దె ప్రకటనలు వెతుకుతుంటే ఆ షెడ్డే కనబడింది. మంచం, చిన్న ఫ్రిజ్, పేరు గార్డెన్ స్టూడియో. తలగడ వెనక చెక్కగోడ మీద బట్టీ సెగకు మాడిన మచ్చ అలాగే ఉంది, చూసినవాళ్లు చెమ్మ అనుకుంటారు. ఒళ్లు మండి, ప్రకటన పెట్టినవాళ్లకి నాలుగు బూతులు టైప్ చేశాను, చెరిపేశాను. నా లీజు కూడా ఈ నెలతో సరి.

"ఇంకా ఖాళీగా ఉందా" అని పంపాను. గిన్నెలో పోసుకున్న వేడినీళ్లు చల్లారిపోయాయి, జవాబు రాలేదు.