డ్రమ్ముకు తొడిగిన ఎర్రకోటు

మొన్న శనివారం మా అమ్మాయి బళ్లో తల్లిదండ్రుల సమావేశానికి వెళ్తే, మార్కుల కాగితంతో పాటు ఇంకో కాగితం కూడా చేతిలో పెట్టి, తీరిగ్గా చదివి సంతకం చేసి సోమవారం పంపించమన్నారు. దారిలో ఆటో కుదుపులకు అక్షరాలు నిలవక, ఇంటికొచ్చి కాఫీ కలుపుకుని కళ్లజోడు పెట్టుకుని చూద్దును కదా, వారానికి రెండుసార్లు ఉండే బ్యాండు పీరియడ్లు తీసేసి వాటి బదులు ఇంజనీరింగు ప్రవేశపరీక్షకు ఇప్పటినుంచే పునాది వేసే క్లాసులు పెడతారట, అందుకు మాకు అభ్యంతరం లేదని రాసివ్వాలట. నిజం చెప్పొద్దూ, అలవాటు కొద్దీ పెన్ను మూత తీశాను. తీసిన తర్వాతే మైలవరంలో మా బడి వంటపాక వెనక గడ్డిమంట గుర్తొచ్చి చెయ్యి ఆగిపోయింది.

అది తొంభైల నాటి మాట. మా ఊరు మైలవరానికి మూడు మైళ్లు, నాన్న మామిడితోటల్లో పనికి వెళ్లేవాడు, నేను రోజూ నడిచి మైలవరం మిషన్ బడికి వెళ్లేదాన్ని. ఎనిమిదో తరగతిలో ఉన్నాను గానీ, ఉన్నట్టు మాస్టార్లకు హాజరు పిలిచేటప్పుడు తప్ప తెలిసేది కాదు. చివరి బెంచీ, అడిగినా నోరు విప్పని తనం, లెక్కల్లో అత్తెసరు మార్కులు, అవీ లెక్కల మాస్టారు దయతలిస్తేనే. మా తాతయ్య డప్పు కొట్టేవాడు. ఊళ్లో పెళ్లయినా చావైనా ముందు నడిచేది తాతయ్యే, చర్చిలో క్రిస్మసు రాత్రి పాటలకు దరువు వేసేదీ ఆయనే. ఆ సంగతి బళ్లో ఎవరికీ చెప్పేదాన్ని కాను. ఎందుకు చెప్పేదాన్ని కానో నా వయసు వాళ్లకు విడమరచి చెప్పక్కర్లేదు, ఆ సిగ్గు తలుచుకుంటే మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మా బ్యాండు మాస్టారు విజయవాడ గవర్నర్‌పేటలో చిన్న గదిలో హార్మోనియంలు బాగుచేస్తూ, ముహూర్తాల రోజుల్లో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించేవారు. శనివారం శనివారం బస్సెక్కి మా బడికి వచ్చేవారు. బక్కపలచటి మనిషి, గొంతు మాత్రం గంట. మేం బ్యాండులో చేరిన మొదటి నెలంతా మా చేతికి వాయిద్యమన్నదే ఇవ్వకుండా, మైదానంలో ఎడమ కుడి అంటూ నడిపించి, పెన్సిళ్లతో బెంచీల మీద కొట్టించి, మధ్యమధ్య నాలుగు లెక్కలు, అంటే ఒకటి రెండు మూడు నాలుగు అనుకునేంతసేపు, ఊరికే నిలబడమని మా ప్రాణాలు తీశారు. కొట్టడం అందరికీ వచ్చునమ్మా, ఆగడమే నేర్చుకోవాలి అనేవారు. రెండో నెలలో వాయిద్యాలు పంచుతూ, మగపిల్లలందరూ పోటీపడుతున్న పెద్ద డ్రమ్మును తీసుకొచ్చి నా మెడలో వేశారు. అది నా నడుముకంటే లావు. ఎందుకు నాకిచ్చారో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. బ్యాండంతా పెద్ద డ్రమ్ము దెబ్బకే ఎడమకాలు వేస్తుంది కాబట్టి, హాజరు పిలుపుకు మాత్రమే పనికొచ్చే నేను ఒక్కసారిగా ఇరవై నాలుగు మంది కాళ్లకు పెద్దనైపోయాను. ఆ నెలలో నేను ఎంత సంతోషంగా ఉన్నానంటే, అన్నం తింటూ కూడా ఎడమకాలు ఆడించేదాన్నని అమ్మ తిట్టేది.

ఆ ఏడు మా బడి పదో తరగతి ఫలితాలు మాడిపోయాయి. బ్యాండు పీరియడు తనకిస్తే ఎంతమందినో గట్టెక్కిస్తానని లెక్కల మాస్టారు పట్టుబట్టారు. ఆయన చెడ్డవాడేం కాదు, పిల్లలు పరీక్ష తప్పితే ఆయన ఇంట్లో కూడా ముద్ద దిగేది కాదట. పెద్ద టీచరమ్మగారు, అంటే మా ప్రధానోపాధ్యాయిని, ఇద్దరి మాటా విని, ఆగస్టు పదిహేనున మండలాఫీసు ముందు జెండా వందనానికి బ్యాండు నలుగురూ మెచ్చేలా వాయిస్తే పీరియడు ఉంటుంది, లేకపోతే లెక్కలకు పోతుంది అని తేల్చేశారు. బ్యాండు పోతే నేను మళ్లీ చివరి బెంచీకే. నాకు తెలిసినదల్లా అదే.

పద్నాలుగు సాయంత్రం తుంపరలోనే ఆఖరి సాధన చేసి, డ్రమ్ములు వరండాలో పెట్టి వెళ్లాం. నిద్రపడితేనా, తెల్లవారుతుండగానే బళ్లో ఉన్నాను. కర్ర తీసుకుని ఒక్క దెబ్బ వేసి చూశాను. ధమ్మనాల్సింది తడి గోనెసంచి మీద కొట్టినట్టు బొత్ అంది. వానకు చెమ్మగిల్లిందనుకున్నాను. అసలు జరిగిందేమిటంటే, సాధన అయ్యాక మాస్టారు ప్రతిసారీ డ్రమ్ము చుట్టూ ఉండే మరలు వదులు చేసి వెళ్లేవారు, మళ్లీ వచ్చినప్పుడు బిగించేవారు. ఆ సంగతి నాకు తెలియదు. నాకు తెలిసింది ఒకటే, చెమ్మగిల్లిన డప్పుకు మందు మంట. తాతయ్య ప్రతిసారీ ఇన్ని గడ్డిపరకలు అంటించి, డప్పు మొహాన్ని ఆ సెగకు తిప్పుతూ వేలితో మీటి చూసుకునేవాడు, పక్కన గడ్డి అందించేది నేనే. అందుకని డ్రమ్మును వంటపాక వెనక్కి దొర్లించుకుపోయి, గడ్డి అంటించి, తెల్లగా మెరిసే వైపు మంటకు పట్టాను.

అది తోలు కాదు. పాతది ఎలుకలు కొట్టేస్తే ఆ జులైలోనే మాస్టారు ఒకవైపుకు ప్లాస్టిక్కుది వేయించారట. నేను చూస్తుండగానే అది అప్పడంలా ముడుచుకుని, జామకాయంత కన్నం పడి, ఆ కన్నం పళ్లెమంత అయింది. కమురు వాసన. మొదటి బస్సు దిగి వచ్చిన మాస్టారు నన్నూ డ్రమ్మునూ మార్చి మార్చి చూసి, ఎవరు చెప్పారే ఇట్టా కాచమని అన్నారు. ఇక దాచి ఏం లాభమని, మా తాతయ్య డప్పు కొడతాడండీ, ఇట్టాగే కాస్తాడండీ అన్నాను. బళ్లో ఆ మాట అనడం నాకదే మొదటిసారి.

ఆయన తిడతారనుకున్నాను. డ్రమ్మును రెండోవైపుకు తిప్పి, "మీ తాత చేసేది రైటేనమ్మా. అటుపక్కది ప్లాస్టిక్కు, అది నీకు చెప్పకపోవడం నా తప్పు. ఇటుపక్కది పాత తోలే. కాచు, నువ్వే కాచు, నాకు రాదు" అన్నారు. తాతయ్యలా సెగకు తిప్పుతూ కాచాను. ఆయన మరలు బిగించారు. వేలితో మీటితే నాదం పలికింది గానీ, కాలినవైపు నోరు తెరుచుకుని ఉంది. శ్రావణమాసపు ముహూర్తాలు కదా, ఆ సాయంత్రం పెళ్లికి వేసుకోవాల్సిన ఎర్రకోటు, బంగారు రంగు బొత్తాలది, ఆయన సంచిలో ఉంది. దాన్ని తీసి ఆ కన్నానికి అడ్డంగా కప్పి, కోటు చేతులు రెండూ వెనక్కి లాగి ముడివేశారు.

ఆ వేషంతోనే నడిచాం. నాకు జనం కనపడలేదు, జెండా కూడా సరిగా కనపడలేదు, తోలువైపు కర్ర పడటం, నాలుగు లెక్కలు ఆగడం, మళ్లీ పడటం, అంతే. డ్రమ్ముకు కోటేమిటని జనం నవ్వారట, తర్వాత నవ్వు మాని కాళ్లు కదిపారట. బళ్లోకి వచ్చాక పెద్ద టీచరమ్మగారు లెక్కల మాస్టారితో కలిసి మా దగ్గరకొచ్చి ఆ కోటు సంగతి అడిగారు. మా మాస్టారు నన్ను కాపాడదామని, వాన పడుద్దేమోనని కప్పానండీ అనేశారు. అబద్ధం అతికేదే. కానీ ఆయన కోటుకు మసి అంటింది, సాయంత్రం పెళ్లిలో ఆయన ఏం వేసుకుంటారో నాకు తెలియదు, అది చూస్తూ ఊరుకోలేకపోయాను. నేనే కాల్చానండీ, డప్పనుకుని కాచానండీ అని మొదలుపెట్టి మొత్తం చెప్పేశాను. ఎనిమిదేళ్ల చదువులో ఆవిడ ముందు నేను అన్ని మాటలు మాట్లాడింది ఆ రోజే. ఆవిడ కోటు పైకెత్తి కన్నం చూసి, లెక్కల మాస్టారి వైపు తిరిగి, "తెలియక తప్పు చేసిందని బ్యాండు పీరియడు తీసేస్తే, లెక్కల్లో తప్పులు చేసేవాళ్లకి లెక్కల పీరియడు కూడా తీసెయ్యాలి కదండీ మాస్టారూ" అన్నారు. ఆయన నవ్వేశారు. బ్యాండు పీరియడు నిలిచింది.

తర్వాతి శనివారం ఉతికిన పంచె కట్టుకుని తాతయ్య మొదటిసారి మా బడి గేటు దాటి వచ్చాడు. కాలినవైపుకు కొత్త తోలు ఆయనే బిగించాడు. మా మాస్టారు పక్కన గొంతుక్కూర్చుని నేర్చుకున్నారు, పెద్దాయనా పెద్దాయనా అంటూ. నా చివరి బెంచీ స్నేహితురాళ్లందరికీ ఆయన మా తాతయ్య అని వేలుపెట్టి చూపించాను.

బ్యాండు వల్ల నాకు లెక్కలొచ్చాయని బొంకను. పదో తరగతి కూడా అత్తెసరుతోనే గట్టెక్కాను. కానీ నర్సు పనిలో ఇరవై ఏళ్లుగా రోగి మణికట్టు పట్టుకుని నాడి చూసేటప్పుడు, తొందరపడకుండా ఆగడం, పక్కవాళ్ల అడుగు వినడం, తప్పు చేస్తే చేశానని చెప్పడం, ఇవన్నీ నాకు ఆ మైదానంలోనే అలవడ్డాయి. తాతయ్య లేడు, మాస్టారూ లేరు. గవర్నర్‌పేట వైపు వెళ్లినప్పుడల్లా ఆ గది ఉన్నచోట నిలబడతాను, ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు బాగుచేస్తున్నారు.

కాగితం మీద అభ్యంతరం ఉంది అని రాసి, పిల్లల తల్లుల ఫోను గ్రూపులో కూడా నాకు అభ్యంతరం ఉందని పెట్టాను. నన్నొక్కదాన్నే వెలేస్తారనుకుంటే, చీకటిపడేలోగా ఏడుగురు తామూ సంతకం చెయ్యలేదన్నారు. ఏడుగురితో బ్యాండు నిలుస్తుందో లేదో నాకు తెలియదు, నిలవాలని మాత్రం గట్టిగా ఉంది. మా రోజుల్లో ఒక పీరియడు తీసెయ్యాలంటే పెద్దవాళ్లు ఎదురెదురుగా నిలబడి వాదించుకోవాల్సి వచ్చేది, మాకు వాయించి గెలుచుకునే ఒక పొద్దు దొరికేది. ఇప్పుడు ఎవరూ వాదించుకోవడం లేదు, వాయించి చూపించమని పిల్లలనెవరూ అడగడం లేదు. కాగితం మన ఇంటికే వస్తుంది, కాఫీ తాగుతూ తీసేసేది మనమే. నేనూ పెన్ను మూత తీసినదాన్నే కదా.